‘పాలు చాలవు’ – ఈ మాట ఎవరిది?

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా విజయవాడ గవర్నర్‌పేటలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే తల్లిపాల మీద సభలు పెట్టడం 1992 నుంచీ ఆనవాయితీ. ఈ ఏడు రోజులూ ఆసుపత్రుల గోడల మీద తల్లీబిడ్డల బొమ్మలు కనిపిస్తాయి. తల్లిపాలు అమృతమని పెద్దలు ఉపన్యసిస్తారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆరోగ్య కార్యకర్తగా ఈ డెల్టా గ్రామాల్లో తిరిగినదాన్ని కనుక నేనూ ఆ ఉపన్యాసం లెక్కలేనన్నిసార్లు ఇచ్చాను. ఇవాళ మాత్రం అమృతం సంగతి చెప్పదలుచుకోలేదు. అది మీకు తెలియనిది కాదు. నేను మాట్లాడదలుచుకున్నది ఒక చిన్న మాట గురించి. ‘పాలు చాలవు’ అనే మాట గురించి.

మీలో కాన్పు అయినవాళ్ళు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ మాట మొదట ఎవరన్నారు? మీరే అన్నారా? మీ అత్తగారా? పక్క మంచం బాలింతకు తోడొచ్చిన ఆవిడా? నర్సమ్మా? ఎవరన్నారో చాలామందికి గుర్తుండదు. తర్వాత ఏం జరిగిందో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఎవరో ఒకరు మందుల షాపుకు వెళ్ళి డబ్బా తెస్తారు. ఆ మాట నిజమో కాదో, దానివల్ల ఎవరికి లాభమో అడిగే తీరిక ఆ గదిలో ఎవరికీ ఉండదు.

నా సంగతే చెబుతాను. నా మొదటి కాన్పు 1984లో, ఈ గవర్నర్‌పేటలోనే ఒక నర్సింగ్ హోంలో జరిగింది. దాని పేరు ఇప్పుడు అనవసరం. అప్పటికే నేను ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో ఉన్నాను. తల్లిపాల మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాపను తీసుకెళ్ళి మా అమ్మ ఒళ్ళో పెట్టారు. మర్నాడు సాయంత్రం దాకా నా దగ్గరికి తేలేదు. “కుట్లు లాగుతుంటాయి, అమ్మాయిని పడుకోనివ్వండి” అన్నారు. అది దయ అనే అందరం అనుకున్నాం. ఈలోగా పాపకు పంచదార నీళ్ళు పట్టారు. ఆ తర్వాత సీసాతో పాలు పట్టారు. ఆ డబ్బా ఎవరు కొన్నారని తర్వాత అడిగితే మా వాళ్ళెవరూ కొనలేదన్నారు. మేం గదిలోకి వెళ్ళేసరికే అది కిటికీలో ఉందిట.

మూడో రోజు పాపను నా పక్కన పడుకోబెడితే రొమ్ము పట్టలేదు. గుక్కపెట్టి ఏడ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, పాలు చాలడం లేదని. “మా ఇంట్లో ఎవరికీ ఇట్లా లేదమ్మా” అన్నారు మా అత్తయ్యగారు. చదువుకున్నదాన్ని, పదిమందికి చెప్పేదాన్ని, నేనూ నమ్మాను. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

ఇంటికొచ్చాక డబ్బా పదిహేను రోజులకే అడుగంటేది. నెలాఖరుకు ఇంకో డబ్బా కొనలేక చెంచా తగ్గించి నీళ్ళు పెంచాను. నాలుగో నెలలో పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. సెలైన్ ఎక్కించి బతికించారు. ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. కానీ పాలు పలచగా కలిపింది నేనేనని చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను. ఎందుకంటే ఆ తప్పు నా ఒక్కదానిదే కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అసలు పాలు ఎట్లా వస్తాయి? పాడి తెలిసిన కృష్ణా జిల్లా వాళ్ళకు ఇది నేను చెప్పాలా? దూడను విడవందే గేదె చేపుకు రాదు. దూడ కుడిచిన తర్వాతే పాలు దిగుతాయి. కొత్తవాళ్ళొచ్చి అరిస్తే, బెదిరితే ఆ పూట చెంబు నిండదు. మనిషికీ అంతే. బిడ్డ చీకుతుంటే తల్లి మెదడుకు కబురు వెళుతుంది. ప్రోలాక్టిన్ అనే హార్మోను పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనేది వాటిని బయటికి తెప్పిస్తుంది. నెప్పి, భయం, అవమానం ఈ రెండోదాన్ని అడ్డుకుంటాయి. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాలతో కొలిచేటంతే ఉంటాయి. పుట్టిన బిడ్డ పొట్టకు అంతే కావాలి. మూడో నాలుగో రోజుకు రొమ్ములు నిండుతాయి. ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా సీసాపాలతో పొట్ట నిండిన బిడ్డ చీకదు. చీకకపోతే పాలు తగ్గుతాయి. తగ్గాయని ఇంకో సీసా కలుపుతాం. చాలవు, చాలవు అన్నందుకే చాలకుండా పోతాయి.

థైరాయిడ్ జబ్బు వల్లనో, కాన్పులో రక్తం ఎక్కువగా పోయినందువల్లనో నిజంగానే పాలు తక్కువపడే తల్లులు ఉంటారు. వాళ్ళు కొద్దిమంది. వాళ్ళకు వైద్యం కావాలి, బిడ్డకు వేరే పాలు కావాలి. నేను మాట్లాడుతున్నది మిగిలిన చాలామంది గురించి. ఇంటి ఆచారం, ఆసుపత్రి పద్ధతి, డబ్బా వ్యాపారం, కూలిపని – ఈ నాలుగూ కలిసి వాళ్ళ పాలను చాలకుండా చేస్తున్నాయి.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మన ఇళ్ళల్లో గేదె ఈనితే ముర్రుపాలతో జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచుతాం. జున్నుపాలు పంపలేదని బంధువులు నిష్ఠూరాలాడతారు. దూడకు ముర్రుపాలు తాగించకపోతే అది నిలవదని ప్రతి పాడిరైతుకూ తెలుసు. అదే ఇంట్లో కోడలికో కూతురికో వచ్చిన ముర్రుపాలను ఏం చేసేవాళ్ళం? పచ్చగా ఉన్నాయి, చిక్కగా ఉన్నాయి, బిడ్డకు అరగవని పిండి పారబోయించేవాళ్ళం. బదులుగా తేనె, పంచదార నీళ్ళు, ఆముదం. కొన్ని ఇళ్ళల్లో వీధిలోకి గాడిదలను తోలుకొచ్చేవాళ్ళ దగ్గర కొన్న గాడిదపాలు. జబ్బులను తట్టుకునే శక్తినిచ్చే పదార్థాలు ముర్రుపాలలో దండిగా ఉంటాయని సైన్సు చెప్పేదాకా, దూడకు తెలిసిన రుచి మన బిడ్డలకు తెలియకుండా చేశాం.

అట్లాగని పాతదంతా చెడ్డదని నేను అనను. పుట్టింటి పురుడు మంచి ఏర్పాటు. మొదటి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్ళి, మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా పని చెప్పకుండా చూసుకోవడం అంటే అది మన ఆడవాళ్ళు కల్పించుకున్న ప్రసూతి సెలవు. కాయం ముద్ద, వెల్లుల్లి కారం, మెంతులు, సముద్రం దగ్గరి ఊళ్ళల్లో పాలసొర పుట్టు. వీటిలో ఏది ఎంత పాలు తెస్తుందన్నది వేరే చర్చ. బాలింతకు వేడివేడిగా వండి పెట్టేవాళ్ళు ఉన్నారన్నదే అసలు బలం. కానీ ఈ సెలవు అందరికీ దొరికిందా? పొలం ఉన్న ఇంటి ఆడపిల్లకు ఐదో నెల దాకా పత్యం. ఆ పొలంలో నాట్లు వేసే మాదిగ వాడ, మాల వాడ ఆడపిల్లకు నెల తిరక్కుండానే కూలి. ఆచారం కూడా కులాన్నీ ఆస్తినీ చూసే నడిచింది. ‘మన సంప్రదాయం’ అనేటప్పుడు ఎవరి సంప్రదాయమని అడగాలి.

ఇంకొకటి కూడా అడగాలి. ఆడపిల్లకూ మగపిల్లాడికీ పాలు ఒక్క లెక్కనే ఇచ్చామా? సీమా జయచంద్రన్, ఇల్యానా కుజియెమ్కో అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు మన దేశపు కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కలు తీసి 2011లో ఒక వ్యాసం రాశారు. ఆడపిల్లల పాలు తొందరగా మాన్పిస్తున్నారని తేల్చారు. అది ప్రేమ లేక జరుగుతున్నది కాదు. మగపిల్లాడి కోసం మళ్ళీ త్వరగా నెల తప్పాలి, పాలిస్తుంటే నెలసరి ఆలస్యమవుతుంది. రొమ్ముకు వేపాకు ముద్ద పూసి ఏడాది బిడ్డను దూరం పెట్టే తల్లిని మనం చూశాం. పూయించింది ఎవరో కూడా చూశాం.

ఇక ఆసుపత్రి. ఇదే విజయవాడలో వైద్యం చేసి, 1957లో ఇక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు ‘ప్రసూతి – శిశుపోషణ’ అని తెలుగులో పుస్తకం రాశారు. పురిటిగదిలో ఆడవాళ్ళు చచ్చిపోతున్న రోజులవి. ఆడవాళ్ళకు తమ శరీరం సంగతి తమ భాషలో తెలియాలన్న ఆరాటం ఆమెది. 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ కూడా అదే దారిలో వచ్చింది. కాన్పులు ఆసుపత్రుల్లో జరగాలని మనమే పోరాడాం. ఆ పోరాటం గెలిచాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అది చిన్న విజయం కాదు.

మరి పాల సంగతి? 1992–93లో జరిగిన మొదటి సర్వేలో, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దేశం మొత్తం మీద నూటికి పదిమంది కూడా లేరు. 2019–21 నాటికి 42 మందికి చేరారు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు సగం మంది. అంటే ఇల్లు వదిలి డాక్టర్ల ఎదుట, నర్సుల చేతుల్లో పుట్టిన పిల్లల్లోనే సగం మందికి మొదటి గంటలో పాలు దక్కలేదు. ఇక్కడ అమ్మమ్మల మూఢనమ్మకాల మీద నెపం వేయడానికి లేదు.

పక్కనే ఉన్న తెలంగాణ లెక్క చూడండి. భాష ఒకటే, ఆచారాలూ చాలావరకు ఒకటే. ఆసుపత్రి కాన్పులు అక్కడ 97 శాతం. గంటలోపు పాలు మాత్రం 37 శాతమే. ఆపరేషన్ కాన్పులు చూస్తే కొంత అర్థమవుతుంది. తెలంగాణలో నూటికి 60 దాటాయి, ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం సగటు 21 చిల్లర. మన రాష్ట్రంలోనూ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీస్తే నూటికి 60కి పైనే. ఆపరేషన్ అవసరమైనప్పుడు అది తల్లినీ బిడ్డనూ బతికిస్తుంది. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. వెన్నులో మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్ అయితే తల్లి మెలకువగానే ఉంటుంది. ఎవరైనా పక్కన నిలబడి బిడ్డను పట్టుకుంటే మొదటి గంటలోనే పాలు ఇవ్వొచ్చు. ఆ పక్కన నిలబడే మనిషి ఎక్కడ? ఒక నర్సు ఒక రాత్రి ఎందరు బాలింతలను చూడగలదు? అట్లా సాయం చేసినందుకు బిల్లులో పద్దు లేదు. పద్దు లేని పని ఎవరికీ పని కాదు. మన నర్సు చెల్లెళ్ళను తప్పు పట్టేముందు వాళ్ళ డ్యూటీ గంటలూ జీతాలూ అడగాలి.

ఇప్పుడు ఆ కిటికీలోని డబ్బా దగ్గరికి వస్తాను. దానికి పెద్ద చరిత్రే ఉంది. 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు రోటరీ క్లబ్బు పెద్దమనుషుల ఎదుట ప్రసంగిస్తూ, పసిపిల్లలకు తీపి డబ్బాపాలు అంటగట్టడం హత్యతో సమానమన్నారు. 1974లో బ్రిటన్‌లో ‘వార్ ఆన్ వాంట్’ సంస్థ పేద దేశాల్లో డబ్బాపాల వ్యాపారం చేస్తున్న హానిని బయటపెట్టింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ అమ్మకాలకు ఒక నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలం, వ్యతిరేకంగా ఓటేసింది అమెరికా ఒక్కటే. మన దేశంలో గేదెపాలతో పిల్లల పాలపొడి చేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ కనిపెట్టింది. దాన్ని అమూల్ 1960 ప్రాంతంలో మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ డబ్బాల దిగుమతి తప్పిందని అప్పుడు అందరం గర్వపడ్డాం. డబ్బా స్వదేశీ అయినంత మాత్రాన తల్లికి న్యాయం జరగదని తర్వాత తెలిసింది.

1992లో మన పార్లమెంటు చేసిన చట్టం చాలా గట్టిది. 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2003లో సవరించి రెండేళ్ళ లోపు పిల్లల ఆహారాలన్నిటికీ వర్తింపజేశారు. దీన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. పాలపొడికీ, పాలసీసాకూ, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికీ ప్రకటన ఇవ్వకూడదు. గర్భిణికి గానీ తల్లికి గానీ ఉచిత శాంపిలు, బహుమతి ఇవ్వకూడదు. ఆసుపత్రిలో వాటి పోస్టరు పెట్టకూడదు. డాక్టరుకు, నర్సుకు, వాళ్ళ కుటుంబానికి కంపెనీ డబ్బు గానీ కానుక గానీ ఇవ్వకూడదు. పాలపొడి డబ్బా మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ ఉండకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని రాసి ఉండాలి. ముఖ్యమైన నిషేధాలను మీరితే మూడేళ్ళ దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు చేసే అధికారం కొన్ని స్వచ్ఛంద సంస్థలకు కూడా ఉంది. 1991లో పుట్టిన బిపిఎన్‌ఐ వాటిలో ఒకటి.

చట్టం ఉంది. డబ్బా ఇప్పుడు కిటికీలోంచి సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. ప్రపంచంలో ఈ వ్యాపారం ఏటా 5,500 కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో లెక్క చెప్పాయి. బిడ్డ రాత్రి ఏడిస్తే, సరిగా నిద్రపోకపోతే అది పాల లోపమని తల్లిని నమ్మించడం వీళ్ళ పద్ధతి అని కూడా చెప్పాయి. పిల్లలు రాత్రి ఏడుస్తారు. అది లోపం కాదు. కానీ రెండు గంటలకు లేచి కూర్చున్న తల్లి పక్కన ఎవరూ లేకపోతే, ఫోన్లో కనిపించే మాటే ఆమెకు దిక్కవుతుంది.

నాలుగోది కూలిపని. ఇక్కడ నాకు బుద్ధి చెప్పిన మనిషిని గురించి చెప్పాలి. 1990ల మొదట్లో నేనొక డెల్టా గ్రామంలో పని చేస్తున్నాను. ఊడ్పుల కాలం. మూడు నెలల బిడ్డకు సీసా పడుతున్నారని ఒక ఇంటికి వెళ్ళి ముసలమ్మను కసిరాను. తర్వాత ఆ తల్లి కోసం పొలం దాకా వెళ్ళాను. గట్టు మీద నిలబెట్టి, పాలు ఉంచుకుని పిల్లకు సీసా ఎందుకు అలవాటు చేశావని గద్దించాను. ఆమె మోకాళ్ళ దాకా బురద. జాకెట్టు ముందంతా తడిసిపోయి ఉంది. “పాలు ఇక్కడున్నయ్యమ్మా, పిల్ల అక్కడుంది. పొద్దున్నుంచీ రెండుసార్లు గట్టు మీద పిండి పారబోశా. నన్నేం చెయ్యమంటావ్?” అంది. మళ్ళీ మడిలోకి దిగిపోయింది. ముఠాలో ఒకరు ఆగితే వరస ఆగిపోతుంది.

ఆమెకు పాలు చాలక కాదు, గంట చాలక. ఆ గంట ఎవరి చేతిలో ఉంది? ఆ రోజు నుంచి నేను ఏ తల్లినీ కసరలేదు.

చట్టాలు ఏమన్నాయో చూడండి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సెలవు బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు అని అంబేద్కర్ వాదించారు. బొంబాయిలో 1929లో ఆ చట్టం వచ్చింది. 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతం సెలవు అయింది. తిరిగి పనిలోకి వచ్చాక బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఉంది. యాభై మంది పనిచేసే చోట పిల్లల కేంద్రం ఉండాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ వీటిని ఉంచారు. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సభ 2001లో తీర్మానించింది. 26 వారాలంటే సరిగ్గా ఆ ఆరు నెలలే. లెక్క బాగానే కుదిరింది.

ఎవరికి కుదిరింది? నాలాంటి ప్రభుత్వ ఉద్యోగికి, బ్యాంకు ఉద్యోగికి కుదిరింది. మన దేశంలో పనిచేసే ఆడవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది అసంఘటిత రంగంలో ఉన్నారు. ఈ హాలు దాటి బీసెంట్ రోడ్డులోకి వెళ్ళండి. బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు పరిచే అమ్మాయిలను అడగండి. నెల తప్పిందని తెలిస్తే పని మానుకోవాల్సిందే అనుకుంటారు చాలామంది. నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కావాలని పోరాడి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం తెచ్చుకున్నారు. మన దగ్గర పాలిచ్చే విరామం అడగాలంటే ముందు కూర్చునే స్టూలు అడగాలి.

కూలికి వెళ్ళేవాళ్ళకు? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికీ బాలింతకూ కనీసం ఆరు వేల రూపాయలు హక్కుగా రాసింది. 2017లో వచ్చిన కేంద్ర పథకం దాన్ని మొదటి కాన్పుకు మాత్రమే అంది, అయిదు వేలే అంది. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు అని చేర్చారు. అయిదు వేలను ఆరు నెలలకు పంచి చూడండి. రోజుకు 28 రూపాయలు రాదు. ఆ 28 రూపాయలు చేతిలో పెట్టి, కూలి మానుకుని బిడ్డకు పాలివ్వమని మనం ఎట్లా చెబుతాం?

ఇంకొక్క గాయం గురించి చెప్పి ముగిస్తాను. 2000 తర్వాత కొన్నేళ్ళు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో హెచ్‌ఐవి చాలా ఇళ్ళను కూల్చింది. ఆ రోజుల్లో హెచ్‌ఐవి ఉన్న తల్లి పాలు ఇవ్వకూడదని చెప్పమన్నారు. నేనూ చెప్పాను. పల్లెలో బాలింత పాలివ్వడం లేదంటే వీధి వీధంతా కారణం అడుగుతుంది. కొందరు ఆ ప్రశ్నకు భయపడే పాలిచ్చారు, బిడ్డకు ఏమవుతుందోనని రోజూ చస్తూ బతికారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట మార్చింది. మందులు వాడుతూ తల్లిపాలే ఇవ్వొచ్చు, బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుందని చెప్పింది. సైన్సు ముందుకెళ్ళింది, మంచిదే. కానీ ఆ మధ్య కాలంలో కుమిలిపోయిన తల్లులకు ఎవరూ వెళ్ళి ఏమీ చెప్పలేదు. తల్లి రొమ్ము మీద అందరూ ఆజ్ఞలు రాస్తారు. తుడిచి మళ్ళీ రాస్తారు. ఆమెను మాత్రం అడగరు.

అందుకే ‘ఇవ్వు’ అనే ఆజ్ఞను కూడా నేను అనుమానంగానే చూస్తాను. 2016లో కేంద్ర ప్రభుత్వం తల్లిపాల కార్యక్రమానికి ‘మా’ అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో ‘మదర్స్ అబ్సల్యూట్ అఫెక్షన్’, అంటే తల్లి సంపూర్ణ ప్రేమ. పాలిచ్చిన తల్లిది సంపూర్ణ ప్రేమ అయితే, గట్టు మీద పాలు పిండి పారబోసిన తల్లిది సగం ప్రేమా? జబ్బుపడి ఇవ్వలేనిదానిది, ఇష్టం లేక ఇవ్వనిదానిది ప్రేమే కాదా? తల్లిపాల వల్ల మేలు నిజం. తల్లిపాలు అందరికీ అందితే ఏటా ఎనిమిది లక్షలకు పైగా పసిప్రాణాలు నిలుస్తాయనీ, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే ఇరవై వేల మంది స్త్రీలు బతుకుతారనీ లాన్సెట్ పత్రిక 2016లో లెక్కకట్టింది. ఇంత మేలు చేసే పని అయితే దాని ఖర్చు సమాజం భరించాలి. మొత్తం భారం తల్లి ప్రేమ మీద పెట్టి, డబ్బూ సెలవూ మనుషుల సాయమూ ఎగ్గొట్టడం మోసం.

కాబట్టి మనం చేయగలిగిన పనులు నాలుగు చెబుతాను. ఒకటి, మనకు తెలిసిన ఏ బాలింత దగ్గరికి వెళ్ళినా ‘పాలు చాలుతున్నాయా?’ అని అడగొద్దు. ‘తిన్నావా? నిద్రపోయావా? ఎవరున్నారు తోడు?’ అని అడుగుదాం. బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బరువు పెరగకపోతే డాక్టరుకు చూపిద్దాం. రెండు, మన వీధుల్లోని నర్సింగ్ హోంలకూ మందుల షాపులకూ ఇద్దరిద్దరం వెళ్ళి 1992 చట్టం కాపీ ఇచ్చి వద్దాం. పోస్టరు కనిపిస్తే, శాంపిలు కనిపిస్తే తేదీతో సహా రాసుకుందాం, ఫొటో తీద్దాం, ఫిర్యాదు పంపుదాం. మూడు, కాన్పుకు ముందే ఆసుపత్రిలో అడుగుదాం: ఆపరేషన్ అయితే బిడ్డను ఎంతసేపట్లో నా దగ్గరికి తెస్తారు, సాయం ఎవరు చేస్తారు అని. నాలుగు, కూలికి వెళ్ళే ప్రతి తల్లికీ ఆరు నెలల కూలి ప్రసూతి భృతిగా ఇవ్వాలన్న డిమాండును మన మహాసభ తీర్మానాల్లో మొదటి వరసలో పెడదాం.

మా అమ్మాయి రెండో కాన్పుకు నేను పక్కనే ఉన్నాను. అదీ ఆపరేషనే. బిడ్డను నా చేతులతో పట్టుకుని దాని గుండెల మీద ఆనించాను. మొదటి రోజు సాయంత్రం ఎవరో చుట్టం వచ్చి చూసి, “పిల్లాడు ఏడుస్తున్నాడు, పాలు చాలవేమో” అన్నారు. మా అమ్మాయి నా వంక చూసింది. నలభై ఏళ్ళ కిందట నాతో ఎవరూ అనని మాట నేను దానితో అన్నాను. “చాలుతాయమ్మా, నేనున్నాగా” అన్నాను.

ఆ మాట అనేవాళ్ళు ప్రతి బాలింత పక్కనా ఉండాలి. ఇంట్లో మనిషిగా, ఆసుపత్రిలో నర్సుగా, పనిచోట సెలవుగా, ప్రభుత్వం దగ్గర చట్టంగా ఉండాలి. అది అడిగి తెచ్చుకోవడమే మన పని.

సెలవు.